‘గారు’కి ముందు ఖాళీ

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, మామగారి కంప్యూటర్లోకి కిట్ ఎక్కించడం, అందులోని నమూనా ప్రాజెక్టులు ఒకసారి కంపైల్ చేసి చూసుకోవడం, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, మధ్యాహ్నం భోజనాలకు ముందు వీడియోలో కొనుగోలుదారుల ఎదుట అదే పని మళ్ళీ చేసి చూపించడం. ఇందులో కాఫీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అతని కంపెనీ అరచేతిలో పట్టేంత ఎలక్ట్రానిక్ పలక ఒకటి తయారు చేస్తుంది. బడిపిల్లలు దానిచేత దీపం వెలిగించవచ్చు, గంట మోగించవచ్చు, గదిలో ఎంత వేడి ఉందో చెప్పించవచ్చు. అయితే ఆ పలకకు మన భాష రాదు. మనం రాసిన ప్రోగ్రామును దానికి అర్థమయ్యేలా మార్చిపెట్టాలి. అదే కంపైల్ చేయడం. అందుకు కావలసిన సరంజామా అంతా మూటగట్టి ఇస్తే కిట్. ఆ మూట ఎలా విప్పాలి, ఏ పనిముట్టు ఎక్కడ పెట్టాలి, అది ఎక్కడుందో కంప్యూటరుకు ఎలా చెప్పాలి అన్నది వివరిస్తూ రాసిన పుస్తకం గైడు. ఆ గైడు రాసినవాడు మన అల్లుడు.

అతను ఇంజనీరు కాదు. చాలా ఏళ్ళు అదే కంపెనీలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఫిర్యాదులు విన్నవాడు. తిట్టేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పగలడని మేనేజరు కనిపెట్టి, చూద్దామని గైడు రాసే పని అప్పగించాడు. కిట్ తయారు చేసిన ఇంజనీరు ఇచ్చిన కాగితాలు దిండంత ఉంటే, అల్లుడు వాటిని విసనకర్రంత చేశాడు. ఆ ఇంజనీరును ఆఫీసులో అందరూ తాబేలు అంటారు. ఏది అడిగినా నిదానంగా, ఆలోచించి, పొద్దు వాలేలోగా చెబుతాడు. తాబేలు రాసిన చాదస్తపు జాగ్రత్తలన్నీ కొట్టేసి, ‘అరగంటలో ఎవరైనా చేయవచ్చు’ అని అట్ట మీద వేయించింది అల్లుడే.

ఇప్పుడు బడులు నడిపే ఒక పెద్ద సంస్థవాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. ఆఫీసు కంప్యూటర్లో కాదు, మామూలు ఇంట్లో ఉండే కంప్యూటర్లో, గైడు చూసి మా కళ్ళ ముందు చేయండి అన్నారు. దీపం వెలిగితే గైడూ ఉంటుంది, అల్లుడూ అక్కడే ఉంటాడు. వెలగకపోతే గైడు బయటివాళ్ళ చేతికి, అల్లుడు మళ్ళీ హెడ్‌ఫోన్ల గదికి. ఆ గది తలుచుకుంటే చాలు, అతని చెవులు వాటంతటవే వేడెక్కుతాయి. వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాడు. పొద్దున భార్య పనికి బయల్దేరుతుంటే, “ఇవాళ్టితో తేలిపోవాలి. తేలిందంటే ఇక వెనక్కి చూసే పనే లేదు” అన్నాడు. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. బస్సుకు వేళయిందని ఊఁ కొట్టి వెళ్ళిపోయింది.

వాళ్ళ ఫ్లాటుకు రంగులు వేయిస్తున్నారు కాబట్టి ఆ వారం అత్తవారింట్లో మకాం. ముందు రోజు సాయంత్రం అల్లుడు ఎంతో వినయంగా, “రేపు పొద్దున నాకు మిషను కాస్త కావాలండీ” అని అడిగాడు. అత్తగారు బట్టలు కుడతారు. అల్లుడికి కుట్టుపని మీద మనసు ఎందుకు మళ్ళిందో అడగడం మర్యాద కాదని, మిషనుకు నూనె వేసి, సూది మార్చి, కిందికి వంగితే నడుము పట్టేయకుండా స్టూలు మీద దిండు కూడా వేసి ఉంచారు. పొద్దున్నే అది చూసిన అల్లుడికి, తనకు కావలసింది రెండో మిషను అని సర్ది చెప్పడానికి ఇంకో కాఫీ తాగేంతసేపు పట్టింది. అత్తగారు చిన్నబుచ్చుకోలేదు. సరే, ఆ ఇస్త్రీ చొక్కా కఫ్ ఊడింది, అదైనా కుట్టిపెడతానని తీసుకున్నారు.

రెండో మిషను మామగారిది. ఆయన ముద్రణాలయంలో ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. ఏ కాగితం చేతికొచ్చినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదువుతారు. మందుసీసా మీద చీటీని కూడా వదలరు. తన కంప్యూటర్లో అల్లుడి కోసం ఆయన స్వయంగా ఒక ఫోల్డరు తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘అల్లుడు గారు’ అని పేరు పెట్టారు.

“మీ సామానంతా ఇందులోనే ఉంచుకోండి అల్లుడు గారూ. బయట మాత్రం ఏదీ పెట్టకండి. నా వ్యాసాలు కలిసిపోతాయి” అన్నారు.

అల్లుడు మొహమాటపడి, ఇంత మర్యాద ఎందుకండీ, అల్లుడు అంటే చాలదా అన్నాడు. మామగారికి ఆ మాట నచ్చలేదు. ‘గారు’ లేకపోతే బంధువుకీ బజారులో మనిషికీ తేడా ఏముంటుందని అడిగారు. అంతేకాదు, దాన్ని ముందు మాటకు అతికించి రాయకూడదని, మధ్యలో ఖాళీ వదలాలని, ఈ విషయం మీదే అక్షరాలు కూర్చేవాళ్ళతో ఉద్యోగమంతా పోట్లాడానని చెప్పారు. “గౌరవానికి కాస్త ఎడం ఉండాలండీ” అన్నారు. అల్లుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఆ పోట్లాటలన్నీ వరసగా వినవలసి వచ్చేది.

ఇక పని మొదలైంది. గైడులో ఉన్నది ఉన్నట్టే చేశాడు. కిట్‌ను ఫోల్డర్లో విప్పాడు. చిన్న పలకను తీగతో కంప్యూటరుకు తగిలించాడు. సెటప్ నడిపాడు. మొదటి నమూనా ప్రాజెక్టు పేరు ‘దీపం’. పలక మీదున్న ఎర్రటి చిన్న దీపం వెలిగి ఆరడమే దాని పని. కంపైల్ మీట నొక్కాడు. దీపం వెలగలేదు. దానికి బదులు తెరంతా ఎర్రబడింది. వరసలు వరసలుగా తప్పులు కిందికి పరుగెత్తాయి.

‘తప్పులు వస్తే కంగారు పడకండి, చివరి వరుస చదవండి’ అని గైడులో ఉంది. రాసింది తనే కాబట్టి నమ్మక తప్పలేదు. చివరి వరుస, ఏదో లైబ్రరీ, అంటే కిట్‌లోని పనిముట్ల పెట్టె, దొరకలేదంది. ఉన్న లైబ్రరీ దొరకకపోవడమేమిటని కిట్ మొత్తం తీసేసి మళ్ళీ దింపాడు. మళ్ళీ ఎరుపు. కంప్యూటరును ఆపి మళ్ళీ లేపాడు. అప్పుడూ ఎరుపే.

మామగారు వెనకనుంచి వచ్చి భూతద్దం పెట్టుకుని తెర చూశారు. ఆయన చివరి వరుస చదివే రకం కాదు. తెరను పైకి జరిపించి మొదటి వరుస నుంచి మొదలుపెట్టారు. మొదటి వరుసలో, ‘అల్లుడు’ అన్న చోటు ఎక్కడా కనబడలేదు అని ఇంగ్లీషులో ఉంది. ఆయన ముఖం గంభీరమైంది.

“చూశారా, దీనికి మర్యాద తెలియదు. నేను అల్లుడు గారు అని శుభ్రంగా రాసిపెడితే, ఇది గారు మింగేసి ఉత్త అల్లుడు అంటోంది.”

అల్లుడు నవ్వేసి, మిషన్లకు అవన్నీ ఎక్కడ తెలుస్తాయండీ అన్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చిన మనిషిని పట్టుకుని అల్లుడు లేడు అనడం ఏం పద్ధతి అని గొణుక్కుంటూ బాల్కనీలోకి వెళ్ళి పేపరు పట్టుకున్నారు. ఏ వైద్యుడూ రోగాన్ని అంత సరిగ్గా చెప్పి అంత నిశ్చింతగా వెళ్ళిపోయి ఉండడు.

చేసేది లేక అల్లుడు తాబేలుకు ఫోను చేశాడు. తాబేలు అంతా విని, కాసేపు ఆలోచించి, పాత్ చూడమన్నాడు. పాత్ అంటే దారి. ఏ పనిముట్టు ఏ దారిన వెళితే దొరుకుతుందో కంప్యూటరుకు చెప్పే చిరునామా. అల్లుడు ఫోను చెవికి ఆనించుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. అదే గదిలో ఓ మూల అత్తగారు కఫ్ కుడుతున్నారు. మిషను టకటకమన్నంతసేపు ఆవిడకు ఏమీ వినబడదు. ఆగినప్పుడు మాత్రం స్పష్టంగా వినబడుతుంది. అలా ఆగి ఆగి ఆవిడ చెవిన పడిన మాటలు ఇవి.

“ఈ పాత్‌తోనే వచ్చింది గొడవంతా... ఎన్నిసార్లు చెప్పినా అది నా మాట వినడం లేదు... పేరెంట్ నుంచి మనకి రావలసినవన్నీ రావాలి కదా, ఏవీ రావడం లేదు... సరే, పాత్ తీసేసి కొత్తది పెట్టుకుంటాను... ఇక్కడ కాదు, వేరే చోట పెడతాను. మామయ్యగారికి తెలియకుండా చూసుకుంటాలే.”

తన ఫోల్డరు బయట ఏమీ పెట్టవద్దని మామగారు చెప్పారు కాబట్టి ఆ చివరి జాగ్రత్త. తాబేలు ఇంకా ఏదో చెప్పబోతూ, “అయితే ఇంకొక్క మాట...” అని మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి కొనుగోలుదారులు భోజనాలు చేసి పడుకుంటారని అల్లుడు ఫోను పెట్టేశాడు.

మూలలో కుట్టుమిషను మాత్రం ఆగకుండా నడుస్తోంది. అత్తగారి కళ్ళు గోడ మీద ఉన్నాయి. చేతులు అలవాటు కొద్దీ కుట్టుకుంటూ పోయాయి. కఫ్‌ను చేతికి అతికించడం అయిపోయింది. అయిన తర్వాత కూడా సూది ఆగలేదు, కఫ్ చివర అడ్డంగా ఒక వరస, దాని మీద ఇంకో వరస వేసింది. దారం తెంపి, చొక్కా మడిచి మంచం మీద పెట్టి, ఆవిడ బాల్కనీలోకి నడిచి తలుపు దగ్గరగా వేశారు.

విన్నదంతా భర్తకు పొల్లు పోకుండా చెప్పారు. పాత దానితో గొడవ వచ్చిందన్నారు, మాట వినడం లేదట అన్నారు, తీసేసి కొత్తదాన్ని వేరేచోట పెడతాడట అన్నారు. పేరెంట్స్ నుంచి, అంటే మన నుంచి, రావలసినవేవీ రాలేదని కూడా కడుపులో ఉందన్నారు. చెప్పి పైట చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

మామగారు తొందరపడే మనిషి కాదు. పేపరు మడిచి, ముందు ఆ ‘అది’ సంగతి తేల్చాలన్నారు. తెలుగు వ్యాకరణంలో ఆడమనిషికీ, ఆవుకీ, అలమారాకీ ‘అది’ ఒక్కటే కాబట్టి, అల్లుడు అన్న ‘అది’ అమ్మాయా, అలమారా అన్నది సందర్భాన్ని బట్టి తప్ప తేలదని వివరించారు.

“మీ వ్యాకరణం తగలెయ్యా. అలమారా మాట వినకపోవడమేంటండీ? అలమారాని మీకు తెలియకుండా పెట్టుకోవడమేంటి?” అన్నారు అత్తగారు.

సందర్భం తేలిపోయింది. మామగారు లేచి గదిలోకి వచ్చి, కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అల్లుడు అప్పుడే కిట్‌ను ఫోల్డరు బయట ఎక్కడైనా విప్పుదామని చూస్తున్నాడు. ఆయన్ను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“అల్లుడూ...” అన్నారు మామగారు. తర్వాత రావలసిన మాట రాలేదు. దాని చోటు మాత్రం పద్ధతిగా ఖాళీ వదిలారు. “మీరు ఏ పని చేసినా నాకు తెలిసే చెయ్యండి.”

ఫోల్డరు బయట సామాను పెట్టబోయిన విషయం ఆయన పసిగట్టేశారని అల్లుడు సిగ్గుపడ్డాడు. తప్పైపోయిందండీ, ఇంకెప్పుడూ ఆ ఆలోచన చేయను, ఉన్నచోటే సర్దుకుంటానన్నాడు. నేరం ఒప్పేసుకున్నాడని మామగారు నిర్ధారించుకున్నారు. ఉన్నచోటే సర్దుకుంటాడట, ఎంత దయ అనుకున్నారు. ఆయనకు తన కూతురంటే ప్రాణం. అల్లుడన్నా ఇష్టమే, ఆ రోజు పొద్దుటి దాకా.

లోపల అత్తగారు కూతురికి ఫోను చేశారు. కూతురు అప్పుడొక పెద్దాయనకు ఒక కన్ను మూయించి, రెండో కంటితో గోడమీది అక్షరాలు చదివిస్తోంది. తల్లి మాటలు విని ముందు నవ్వింది. “అమ్మా, ఆయన కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. ఇంకో సంసారం ఎక్కడ దాచిపెడతాడే?” అంది. ఫోను పెట్టాక నవ్వు పోయింది. ఇవాళ్టితో తేలిపోవాలి, ఇక వెనక్కి చూసే పనే లేదు అని భర్త పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. ఏం తేలాలి, ఎటువైపు చూడాలి అన్నది ఆవిడ అడగలేదు. అడగనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఇంట్లో ఏదో అవసరమని దుకాణంలో చెప్పి బయల్దేరింది.

ఇక్కడ అల్లుడు తెరమీదున్నవన్నీ మూసేశాడు. స్నానం చేసి వచ్చి, దేవుడి మీద భారం వేసి, మొదటి నుంచి మళ్ళీ ఒకసారి చేయడం తప్ప అతనికి వేరే దారి కనబడలేదు. హెడ్‌ఫోన్ల గది కళ్ళ ముందు మెదిలింది. అక్కడ తన పాత కుర్చీకి ఒక చక్రం ఉండదు. దాని కింద అట్టముక్క ఇంకా ఉందో లేదో అనుకుంటూ స్నానానికి వెళ్ళాడు.

గదిలో మామగారు ఒక్కరే మిగిలారు. తిట్టడం, కొట్టడం ఆయనకు చేతకాదు. ఆయన జీవితంలో నేర్చిన ఒకే ఒక శిక్ష దిద్దడం. తెరమీద ‘అల్లుడు గారు’ అన్న ఫోల్డరును చాలాసేపు చూశారు. ఇలాంటి మనిషికి ఇక ఆ మాట ఎందుకు అనుకున్నారు. పేరు మార్చే చోట నొక్కి, ‘గారు’ చెరిపేశారు. తర్వాత, ఏమీ లేనప్పుడు ఎడం మాత్రం ఎందుకని దాని ముందున్న ఖాళీని కూడా చెరిపేశారు. కుర్చీని వెనక్కి జరుపుకుని కూర్చున్నారు.

అల్లుడు హడావిడిగా వచ్చి చొక్కా తొడుక్కున్నాడు. ఎడమ చేయి సాఫీగా బయటికి వచ్చింది. కుడి చేయి కఫ్ దాకా వచ్చి ఆగిపోయింది. తోశాడు. కఫ్ మూసుకుపోయి ఉంది. అత్తగారి కుట్టు ఊరికే ఊడే రకం కాదు. అప్పటికే కంప్యూటరు వీడియో గంట మోగిస్తోంది. చొక్కా విప్పే వ్యవధి లేదు. సంచిలో పిల్లిలాగా కొట్టుకుంటున్న కుడి చేతిని బల్ల కిందకు దించి, ఎడం చేత్తో మీట నొక్కాడు.

తెరమీద మేనేజరు, అతని పక్క గడిలో కొనుగోలు సంస్థ పెద్దావిడ, ఇంకో ఇద్దరు కనబడ్డారు. అల్లుడు గైడు తెరిచి పక్కన పెట్టుకున్నాడు. ఎడం చేత్తో ఫోల్డరు తెరిచాడు. పేరు చూసే ధ్యాస లేదు. ఎడం చేత్తో సెటప్ నడిపాడు. ఇక నమూనా ప్రాజెక్టు తెరిచి, కంపైల్ మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి తెరమీద ఎరుపు లేదు. వరసలు బుద్ధిగా ఒకదాని తర్వాత ఒకటి దిగి, అయిపోయింది అని ఆగాయి. పలక మీద చిన్న ఎర్రదీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. రెండో నమూనా, మూడో నమూనా కూడా అలాగే నడిచాయి. పెద్దావిడ, పొద్దున ఏవో తప్పులొస్తున్నాయని మీ ఇంజనీరుకు ఫోను చేశారట కదా అని అడిగింది. అల్లుడు, “పాత్ గొడవ ఇక వదిలిపోయిందండీ. కొత్తది వచ్చి చక్కగా కుదురుకుంది” అన్నాడు.

సరిగ్గా ఆ మాటకు వీధి తలుపు తీసుకుని భార్య లోపలికి వచ్చింది. వంటింట్లోనుంచి అత్తగారు వచ్చారు. మామగారు కుర్చీలోంచి లేచారు. ముగ్గురూ అల్లుడి వెనక వరసగా నిలబడ్డారు. వీడియోలో వాళ్ళ ముఖాలు కనబడి పెద్దావిడ సర్దుకుని కూర్చుంది. పక్కవాళ్ళతో, చూశారా, కంపెనీ పర్యవేక్షకులను కూడా వెనకే నిలబెట్టారు, ఎంత క్రమశిక్షణ అని గుసగుసలాడింది. మేనేజరు ఆ పొగడ్తను కాదనలేదు.

“ఇంకో మాట. మీరు మొత్తం ఒక్క ఎడం చేత్తోనే చేశారు. మా టీచర్లు ఇంకో చేత్తో పిల్లల్ని పట్టుకోవచ్చన్నమాట. ఈ గైడే కావాలి మాకు” అంది పెద్దావిడ.

“ఒంటిచేత్తో నడిపించావయ్యా” అన్నాడు మేనేజరు. అల్లుడు బల్ల కింద కుడిచేతిని కదపకుండా నమస్కారం లాంటిదేదో సగం పెట్టాడు. తెర ఆరిపోయింది.

వెనక్కి తిరిగేసరికి మూడు జతల కళ్ళు. భార్య ఎంతో నెమ్మదిగా, “ఎవరండీ అది?” అని అడిగింది.

“ఏది?”

“అదే. కొత్తగా వచ్చి చక్కగా కుదురుకున్నది.”

“కంపైలరు పాత్” అన్నాడు అల్లుడు.

“నేను పాత కాబట్టి నన్ను తీసేస్తానన్నారట.”

అల్లుడికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క మాటా అడిగి తెలుసుకుని, కుర్చీలో చతికిలబడ్డాడు. పాత కాదు, పాత్ అని పలికి చూపించాడు. దారి అన్నాడు. పేరెంట్ అంటే అత్తమామలు కాదని, ఒక ప్రోగ్రామును లేపిన ఇంకో ప్రోగ్రామని, దాన్నుంచి రావలసినవి అంటే చిరునామాలే తప్ప గాజులూ పొలాలూ కావని చెప్పాడు. మామగారికి తెలియకుండా వేరేచోట పెడదామనుకున్నది కిట్‌నేనని చెప్పి, దానికి మాత్రం క్షమించమన్నాడు.

మామగారు పాత, పాత్ అని రెండు మాటలూ పెదవుల మధ్యే ఒకసారి అనుకున్నారు. ఆయన లోపలి ప్రూఫ్‌రీడరు మేలుకున్నాడు.

“పొల్లు పోయిందే” అన్నారు భార్యతో. “నువ్వు నాకు పొల్లు పోకుండా చెప్పావనుకున్నాను. పోయిందల్లా ఆ పొల్లే.”

అత్తగారు కుట్టుమిషను వైపు చూసి, ఆ టకటకలో పొల్లులు ఎవరికి వినబడతాయండీ అన్నారు. ఆ తర్వాత అల్లుడి కుడిచేయి కనబడింది. నాలుక కరుచుకుని కత్తెర తెచ్చి, తన కుట్టు తనే విప్పుతూ కూర్చున్నారు. కూతురు ముందు నవ్వింది, తర్వాత భర్త పక్కన కూర్చుని అతని ఎడం చేయి పట్టుకుంది. పొద్దున ఏం తేలాలో ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది అంది. నేనైనా చెప్పి ఉండాల్సిందన్నాడు అతను.

అన్నీ తేలాయి గానీ, పొద్దుటి నుంచి ఎర్రబడిన తెర ఇప్పుడు ఎందుకు బాగుపడిందన్నది ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఫోను మోగింది. తాబేలు. ఉదయం ఆగిన చోటునుంచే అందుకున్నాడు.

“అయితే ఇంకొక్క మాట... ఫోల్డరు పేరు మధ్యలో ఖాళీ ఏమైనా ఉందా? ఉంటే మన కిట్ అక్కడే ఆగిపోతుంది. ఖాళీ ముందున్న మాట వరకే పేరనుకుంటుంది. నేను ఇచ్చిన కాగితాల్లో ఆ జాగ్రత్త రాశాను. గైడులో ఉంది కదా?”

గైడులో లేదు. ఖాళీలు పెట్టకండి అని చెప్పడం చదివేవాళ్ళ తెలివిని అవమానించడమని అల్లుడు దాన్ని కొట్టేశాడు. అతను ఫోను పెట్టేసి తెర వైపు తిరిగాడు. ఫోల్డరు పేరు అప్పుడు చూశాడు. ఉత్త ‘అల్లుడు’.

“మామయ్యగారూ, ఇక్కడ ‘గారు’ ఉండాలి. ఏమైంది?”

మామగారు భూతద్దం తుడుచుకున్నారు. తుడవడం అయిపోయాక కూడా తుడిచారు.

“నేనే తీసేశాను, కోపంలో. పెద్దవాణ్ణి, అలా చేయకుండా ఉండాల్సింది. ఇప్పుడే మళ్ళీ పెట్టేస్తాను” అని మీటల మీదకు వంగారు.

అల్లుడు అప్పుడే కుట్టు విడిపించుకున్న కుడి చేత్తో ఆయన చేయి పట్టుకుని ఆపాడు. ఉద్యోగం నిలబెట్టింది ఆ చెరపడమేనని, దయచేసి అలాగే ఉంచమని బతిమాలాడు. మామగారు ససేమిరా అన్నారు. ఇంటి అల్లుడు తన కంప్యూటర్లో ‘గారు’ లేకుండా తిరగడం ఆయన చూడలేరు. ఖాళీ పెడితే దీపం ఆరిపోతుందని అల్లుడు, ‘గారు’ లేకపోతే తనకు ముద్ద దిగదని మామగారు. చివరికి విసుగొచ్చి అత్తగారు, ఊడిన కఫ్ అతికించినట్టు రెండూ కలిపి రాసేయకూడదా అన్నారు.

మామగారు చాలాసేపు ఆలోచించారు. ఉద్యోగమంతా ఏ అతుకు మీద పోట్లాడారో ఆ అతుకే అది. కడకు కళ్ళు మూసుకుని, ఖాళీ లేకుండా, ‘అల్లుడుగారు’ అని కొట్టారు. అల్లుడు మళ్ళీ సెటప్ నడిపి కంపైల్ చేశాడు. దీపం వెలిగింది. మామగారు దాన్ని చూసి, ఎడం లేకపోయినా గౌరవం వెలుగుతోందే అన్నారు. అప్పుడే భార్య ఉలిక్కిపడి లేచింది. దుకాణంలో పెద్దాయన ఒక కన్ను మూసుకుని ఇంకా అక్కడే కూర్చున్నారేమోనని చెప్పులు వేసుకుంది.

ఆ సాయంత్రం అల్లుడు గైడును దిద్దాడు. మామగారు మొదటి అక్షరం నుంచి చదివి ప్రూఫు చూశారు. కొత్తగా చేర్చిన జాగ్రత్త ఇలా ఉంది: ‘ఫోల్డరు పేరులో ఖాళీ ఉండరాదు. గౌరవం ఉండవచ్చు, కానీ అతికించి రాయవలెను.’